నక్షత్రాన్ని ఎవరు వెలిగించాలి?
ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో క్రిస్మస్ చేతిపనులు, పిండివంటలు

డిసెంబరు వచ్చిందంటే దోహాలో మన పిల్లలకు రెండు సందళ్లు. 18వ తేదీన ఖతార్ జాతీయ దినోత్సవం, 25న క్రిస్మస్. మెరూన్, తెలుపు జెండాలు గోడమీద ఉండగానే వాటి పక్కకు కాగితపు నక్షత్రాలు వచ్చి చేరతాయి. మన బడిలో అన్ని మతాల పిల్లలూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు గనుక సంక్రాంతికి గాలిపటం, రంజాన్ నెల మధ్యలో గరంగావ్ సంచి, క్రిస్మస్‌కి నక్షత్రం, అన్నీ అందరూ చేస్తారు. ప్రార్థనల సంగతి ఇళ్లదీ, 2008 మార్చి నుంచి మెసైమీర్‌లో తలుపులు తెరిచిన చర్చిలదీ. చేతిపని, తీపి మాత్రం బడివి.

ఇంతకీ ఆ "అందరూ" అన్న మాట దగ్గరే మాకు పేచీ. బల్ల చివర ఒక బాబు కూర్చుని ఉంటాడు. వేళ్లు కత్తెర పట్టనివ్వవు. పక్కన వాళ్లమ్మ గబగబా కాగితం కత్తిరిస్తుంది, జిగురు రాస్తుంది, అంటిస్తుంది. "చూడు నాన్నా, నీ నక్షత్రం ఎంత బాగుందో!" అంటుంది. నక్షత్రం నిజంగానే బాగుంటుంది. దానిమీద బాబు పేరుంటుంది. బాబు చెయ్యి మాత్రం అందులో ఎక్కడా ఉండదు. అమ్మది తప్పనడం లేదు, గంటలో పని అయిపోవాలి, మిగతా పిల్లలవి అప్పుడే గోడెక్కుతున్నాయి, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? మార్చవలసింది ఆవిడను కాదు, మనం ఇచ్చిన పనిని.

మేము వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చుని, సెలవురోజున అచ్చులూ హల్లులూ దిద్దించే స్వచ్ఛంద సేవకులం. వైద్యులం కాదు, థెరపిస్టులం అంతకన్నా కాదు. ప్రత్యేక ఉపాధ్యాయులు ఎప్పటినుంచో వాడుతున్న పద్ధతుల్లో మన బల్ల దగ్గర పనికొచ్చినవి మాత్రమే ఇక్కడ చెబుతున్నాం.

చివరి మెట్టు పిల్లవాడిది

మా వృత్తిలో పెద్ద ప్రోగ్రామును ఎవరూ ఒక్క గుక్కలో రాయరు, ముక్కలు చేసుకుంటారు. చేతిపనీ అంతే. "నక్షత్రం చెయ్యి" అన్నది ఒక పనిలా వినిపిస్తుంది గానీ అందులో అట్ట తీసుకోవడం, గీత గీయడం, కత్తిరించడం, జిగురు మూత తియ్యడం, రాయడం, అంటించడం, ఆరేదాకా ఆగడం, దారం కట్టడం, తగిలించడం ఇన్ని ఉన్నాయి. వీటిని కాగితంమీద ఒకదాని కింద ఒకటి రాసుకుని, ప్రతిదాని ఎదురుగా "తనంతట తను", "కొంచెం సాయంతో", "మనమే" అని గుర్తు పెట్టుకోండి. అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాల్లోనే ఎక్కడ ఆగిపోతున్నామో తెలిసిపోతుంది.

తర్వాతది ఇంకా మంచి కిటుకు. నేర్పడం చివరినుంచి మొదలుపెట్టండి. మామూలుగా మనం మొదటి మెట్టు పిల్లవాడిచేత చేయించి, వాడు అలిసిపోయాక మిగిలినవి మనం చేసేస్తాం. దానివల్ల పిల్లవాడికి పని మొదలుపెట్టిన అలసటే మిగులుతుంది, పూర్తి చేసిన ఆనందం దక్కదు. తిప్పి చూడండి. మొదటి ఎనిమిది మెట్లూ మనం చేసి, తగిలించడం ఒక్కటే తనకు వదిలితే "అయిపోయింది!" అన్న మాట తన నోటినుంచి వస్తుంది. వచ్చే వారం చివరి రెండు మెట్లు. ఆపై వారం మూడు. ఇది చొక్కా గుండీలకూ, బూటు లేసుకూ కూడా పనిచేస్తుంది.

సాయం చేసేటప్పుడు మరో సంగతి. చూపు లేని పిల్లల చేతిని పైనుంచి పట్టుకుని లాగకండి. మన చెయ్యి కింద, వాళ్ల చెయ్యి పైన ఉండాలి. అప్పుడు మన చెయ్యి ఏం చేస్తోందో వాళ్లు తడిమి తెలుసుకుంటారు, వద్దనుకుంటే తీసేసుకుంటారు. వినికిడి తక్కువైన పిల్లలకు చూపించేటప్పుడు కిటికీకి వీపు పెట్టి నిలబడకండి, ముఖం నీడలో పడి పెదవుల కదలిక కనపడదు. చేతులతో చూపిస్తూ నోటితో చెప్పకండి. వాళ్లు ఒక్క సమయంలో ఒక్కదాన్నే చూడగలరు కదా!

ఊలు నక్షత్రం

మన ఊళ్లలో క్రిస్మస్ నక్షత్రం అంటే వెదురుబద్దలు, రంగు కాగితం, లోపల బల్బు, డాబామీద గెడకర్రకు వేలాడదీయడం. ఇక్కడి ఫ్లాట్లలో అంత హంగు కుదరదు. మా బల్లకు బాగా నప్పింది ఊలు నక్షత్రం.

గట్టి అట్టను, సామాను వచ్చిన పెట్టె అట్టయినా చాలు, జానెడు వెడల్పు నక్షత్రంగా పెద్దవాళ్లే కత్తిరించాలి. అయిదు మూలల మధ్యనున్న లోపలి వంపుల్లో చిన్న గాట్లు పెట్టాలి. ఊలు కొసను వెనక టేపుతో అంటించి పిల్లల చేతికిస్తే చాలు, ఇక చుట్టడమే. ఎటునుంచి ఎటు చుట్టినా నక్షత్రమే అవుతుంది. తప్పు పోవడానికి వీల్లేని పని ఇది, అందుకే మాకు ఇష్టం. కత్తెర అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు, వేళ్లకు ఏదీ అంటుకోదు. జిగురు తగిలితే ఏడ్చే పిల్లలున్నారు, అది పెంకితనం కాదు, వాళ్ల చర్మానికి అది నిజంగానే భరించరానిది.

ఒక్క చేత్తోనే పని చేసే పిల్లలకు అట్టను బల్ల అంచుకు పెద్ద క్లిప్పుతో బిగించండి, లేదా అట్ట కింద తడిగుడ్డ పరవండి, జారదు. చూపు మందగించిన పిల్లలకు నల్ల అట్ట, పసుపుపచ్చ ఊలు. తెల్ల అట్టమీద లేతగులాబీ ఊలు ఇస్తే వాళ్లకు ఏమీ ఇవ్వనట్టే. బ్రష్షు పట్టు చాలని వాళ్లకు దాని పిడికి స్పాంజి చుట్టి రబ్బరుబ్యాండు వెయ్యండి. కాగితం కత్తిరించలేనివాళ్లు చింపవచ్చు. చింపిన అంచు కత్తిరించిన అంచుకన్నా అందంగా ఉంటుందని మా అభిప్రాయం, ముఖ్యంగా మంచు బొమ్మలకి. (దోహాలో మంచేమిటి అంటారా? నిజమే, ఒంటెను చింపి అంటించినా ముగ్గురు జ్ఞానుల కథకు సరిపోతుంది.)

చుక్కల్లో "తార"

లూయీ బ్రెయిల్ ఫ్రాన్సులో రూపొందించిన ఆరు చుక్కల లిపిలోనే మన తెలుగు కూడా రాస్తారు. భారతీయ భాషలన్నిటికీ కలిపి భారతీ బ్రెయిల్ అనే ఒకే పద్ధతి ఉంది, అందులో తెలుగు క, హిందీ క, తమిళ క అన్నిటికీ ఒకే గుర్తు. ఆరు చుక్కలు రెండు నిలువు వరుసలు. ఎడమ వరుసలో పైనుంచి కిందికి 1, 2, 3. కుడి వరుసలో 4, 5, 6. ఆరు గుడ్లు పట్టే అట్టపెట్టె తెరిచి చూడండి, అచ్చం అదే అమరిక! అందులో పింగ్‌పాంగ్ బంతులు పెట్టి అక్షరాలు నేర్పవచ్చు.

నక్షత్రంమీద "తార" అని రాద్దాం. ముందు త, అంటే 2, 3, 4, 5 చుక్కలు. తర్వాత దీర్ఘానికి ఆ, అంటే 3, 4, 5. చివర ర, అంటే 1, 2, 3, 5. మూడే గళ్లు. బ్రెయిల్‌లో గుణింతం హల్లు తర్వాత విడిగా వస్తుంది కాబట్టి తలకట్టు, కొమ్ముల గొడవ లేదు. గట్టి కాగితంమీద చిక్కటి జిగురుతో చుక్కలు పెట్టి రాత్రంతా ఆరనిస్తే పొంగి గట్టిపడతాయి. పుస్తకాల్లో చుక్కకూ చుక్కకూ మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లే ఉంటుంది, జిగురుతో అంత దగ్గరగా పెట్టలేం. కాబట్టి ఇది అలంకారానికి, ఆటకు మాత్రమే. చూపున్న పిల్లలు కళ్లు మూసుకుని చదవడానికి ప్రయత్నిస్తే భలే పోటీ. ఆ పోటీలో ఎవరు గెలుస్తారో ఊహించగలరు.

మీట నొక్కితే వెలిగే నక్షత్రం

ఇది మా ఇంజనీర్ల సరదా, కాస్త వివరంగా చెప్పనివ్వండి.

చేతులు, కాళ్లు బిగుసుకుపోయి, మాట కూడా రాని పిల్లలుంటారు. ఊలు చుట్టడం కూడా వాళ్లకు కుదరదు. కానీ మోచెయ్యి ఒకవైపు జరపగలరు, లేదా తల పక్కకు వాల్చగలరు. ఆ ఒక్క కదలిక చాలు, నక్షత్రాన్ని వెలిగించడానికి.

రెండు ఏఏ బ్యాటరీలతో నడిచే ఎల్‌ఈడీ దీపాల తీగ ఒకటి తీసుకోండి. మీట వేస్తే వెలిగి, తీస్తే ఆరే మామూలు రకమే కావాలి. గోరంత అట్టముక్కకు రెండు వైపులా రాగిరేకు అంటించి, ఒక్కో రేకుకు ఒక్కో సన్నని తీగ కలపండి. రెండు రేకులూ ఒకదానికొకటి తగలకూడదు, మధ్యలో అట్ట ఉండాలి. ఈ ముక్కను బ్యాటరీ కొసకూ డబ్బాలోని లోహపు రేకుకూ మధ్య దూర్చండి. ఇప్పుడు డబ్బా మీట వేసినా దీపం వెలగదు, కరెంటు నడిచే దారి అక్కడ తెగింది గనుక. బయటికి వచ్చిన రెండు తీగల కొసలు కలిపి చూడండి, దారి కలిసి దీపం వెలుగుతుంది.

ఆ కొసలకు ఒక పెద్ద మీట కావాలి. పోస్టుకార్డంత అట్టలు రెండు తీసుకుని, లోపలి ముఖాలకు వంటింట్లోని అల్యూమినియం ఫాయిల్ అంటించి, ఒక్కోదానికి ఒక్కో తీగ కలపండి. మధ్యలో కిటికీలా చతురస్రం కత్తిరించిన పలుచని స్పాంజి పెట్టి అంచులు టేపుతో మూసెయ్యండి. నొక్కితే కిటికీలోంచి ఫాయిళ్లు తాకుతాయి, వదిలితే స్పాంజి వాటిని విడదీస్తుంది. మొత్తం మూడు వోల్టులు, షాకు భయం లేదు. గోడ ప్లగ్గుకు పెట్టే దీపాలతో మాత్రం ఈ ప్రయోగం ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యకూడదు, ఇక్కడ కరెంటు 240 వోల్టులు. మిణుకుమిణుకుమనే దీపాలూ వద్దు. మూర్ఛ ఉన్న కొందరికి ఆ మిణుకు ఫిట్సు తెప్పిస్తుంది.

మీటను ఎక్కడ పెట్టాలన్నదే అసలు విషయం. పిల్లవాడు ఏ కదలికను అన్నిటికన్నా నమ్మకంగా చెయ్యగలడో అక్కడ. మోచేతి పక్కన, మోకాలి దగ్గర, చెంప దగ్గర, పాదం కింద. అది వాళ్లమ్మానాన్నలకు మనకన్నా బాగా తెలుసు, అడగండి. "ఇప్పుడు వెలిగించు కన్నా" అన్నాక మనసులో నెమ్మదిగా పది వరకూ లెక్కపెట్టండి. నాలుగు దగ్గరే మన చెయ్యి ముందుకు వెళ్లబోతుంది. ఆపుకోండి. మాట మెదడుకు చేరి, అక్కడినుంచి కండరానికి చేరడానికి కొందరికి అంత సమయం పడుతుంది.

ఇదే సూత్రంతో పాటపెట్టె, ఆటకారు కూడా నడపవచ్చు. చక్కగా తయారైన మీటలూ దొరుకుతాయి. ఖతార్‌లో ఇలాంటి సహాయక సాంకేతికత కోసమే 2010లో మదా అనే కేంద్రం ఏర్పడింది. ఇంకా ముందు, 1999లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకోసం షఫల్లా కేంద్రం వచ్చింది. ఏప్రిల్ 2ను ఆటిజం అవగాహన దినంగా జరపాలని ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించింది కూడా ఖతారే, 2007లో. సెలవులకు ఊరెళ్లినప్పుడు సికింద్రాబాదు బోయినపల్లిలోని మనోవికాస్ నగర్ గుర్తుంచుకోండి. మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984లో కేంద్రప్రభుత్వం పెట్టిన జాతీయ సంస్థ అక్కడుంది. పేరు తర్వాత మారింది గానీ చోటు అదే.

ఉప్పుపిండి బొమ్మలు - ఒక హెచ్చరిక

రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, సుమారు కప్పు నీళ్లు కలిపి ముద్దచేసి, బిస్కెట్ అచ్చులతో కోసి, ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఆరబెట్టే బొమ్మలు చాలామంది ఇళ్లలో చేస్తున్నారు. పిండి పిసకడం వేళ్లకు మంచి వ్యాయామం, కాదనం. అయితే కప్పు ఉప్పంటే పావుకిలో పైనే! కనపడిందల్లా నోట్లో పెట్టుకునే అలవాటున్న పిల్లలకు ఈ ముద్ద ప్రమాదకరం. ఎక్కువ ఉప్పు ఒక్కసారి కడుపులోకి వెళితే ప్రాణంమీదికి వస్తుంది. మన బడిలో ఎవరు నోట్లో పెట్టుకుంటారో, ఎవరు పెట్టుకోరో ఆరోజు హడావుడిలో చూసుకోలేం. అందుకని ఉప్పుపిండిని బల్లమీదికే రానివ్వడం లేదు. చపాతీ పిండి ఉంది కదా! పిసకొచ్చు, ఒత్తొచ్చు, అంత ఉప్పు అందులో ఉండదు. బొమ్మ దాచుకోవడానికి ఉండదన్న మాటేగానీ.

గవ్వలు, ఖర్జూరం ఉండలు

తీపి పనిలో అన్నిటికన్నా మేలైనది మన గవ్వలే. గోవా, మంగళూరు క్రైస్తవులు క్రిస్మస్‌కి కల్‌కల్ అని చేసుకునేది దాదాపు ఇదే వంటకం. మన కోస్తా జిల్లాల్లో గులాబీపువ్వులూ చేస్తారు గానీ వాటి అచ్చు కాగే నూనెలో ముంచాలి, పిల్లల పని కాదు.

రెండు కప్పుల మైదా, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల వేడి నెయ్యి కలిపి, పాలతో పూరీపిండిలా గట్టిగా ముద్ద చేసి అరగంట నానబెట్టండి. ఉసిరికాయంత ఉండలు చేసి పిల్లల ముందు పెట్టండి. గవ్వలపీట లేకపోతే కొత్త దువ్వెన, అదీ లేకపోతే ఫోర్కు వెనకభాగం. ఉండను బొటనవేలితో అదిమి ముందుకు తోస్తే చాలు, చారలతో చుట్టుకుంటుంది. ఈ ఒక్క కదలికకోసం థెరపిస్టులు ఎన్ని ఆటలు కనిపెడతారో! డౌన్ సిండ్రోమ్ పిల్లలకు కండరాల బిగువు తక్కువ, బొటనవేలి బలం రావడానికి ఇది హాయైన సాధన. దువ్వెన జారకుండా కింద తడిగుడ్డ మర్చిపోకండి. గవ్వ సరిగా చుట్టుకోకపోతే దాన్ని దిద్దవద్దు, వేగాక అన్నీ ఒకే రుచి.

వేయించడం పెద్దవాళ్లు, వేరే గదిలో, సన్నని మంటమీద. మామూలుగా బెల్లం పాకం పడతాం. పాకం నూనెకన్నా మొండిది, చర్మానికి అంటుకుని వదలదు. బడిలో పాకం వద్దు. చల్లారిన గవ్వలను మూతగట్టి డబ్బాలో వేసి, పంచదార పొడి చల్లి, డబ్బాను పిల్లలకివ్వండి. ఊపడమే పని! చక్రాల కుర్చీలో ఉన్న పిల్లల ఒడిలో పెడితే శరీరమంతా కలిపి ఊపుతారు. చప్పుడు గిట్టని పిల్లలుంటే డబ్బాకు తువ్వాలు చుట్టండి.

పొయ్యి వద్దనుకుంటే ఖర్జూరం. ఇక్కడ దానికి కొరతేముంది? పావుకిలో మెత్తటి ఖలాస్ ఖర్జూరాలు గింజ తీసి, అరకప్పు కొబ్బరిపొడి, రెండు చెంచాల వేయించిన నువ్వులపొడి, ఏలక్కాయ పొడి వేసి జిప్పున్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూసెయ్యండి. సంచిపైనుంచే పిల్లలు పిసుకుతారు, చేతికి ఏమీ అంటదు. ఉండలు చేసి మళ్లీ కొబ్బరిలో దొర్లిస్తే దోహా మంచుబంతులు సిద్ధం! నువ్వులు పడని పిల్లలున్నారేమో ముందే అడగాలి. జీడిపప్పు, వేరుశనగలు బల్లమీదికి తేకపోవడమే మంచిది. కేకు చేసేవాళ్లు కిస్‌మిస్‌లు నారింజరసంలో నానబెట్టండి, రమ్ముకన్నా రుచిగానే ఉంటుందని మా ఆడవాళ్ల తీర్పు.

ఇక ముఖ్యమైనది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో చాలామందికి మింగడం కష్టం. ముద్ద ఊపిరితిత్తుల దారిలోకి పోతే న్యుమోనియా వస్తుంది. ఖర్జూరం జిగురుగా ఉండి గొంతులో పట్టేస్తుంది, వాళ్లకు పనికిరాదు. సేమ్యా పాయసం మెత్తగానే ఉంటుంది కదా అని పెట్టబోతాం. నీళ్లలా పలుచనిది, నమలవలసినది ఒకే చెంచాలో కలిసి ఉండటమే వాళ్లకు అన్నిటికన్నా ఇబ్బంది. వాళ్ల థెరపిస్టు చెప్పిన చిక్కదనంలో, ఉండలు లేని కస్టర్డు లాంటిది ఇంటినుంచి తెమ్మని అమ్మను అడగండి. నిటారుగా కూర్చోబెట్టే తినిపించాలి. "పండగపూట ఒక్క ముక్కే కదండీ" అనే పెద్దలను మర్యాదగా పక్కకు తీసుకెళ్లండి.

బొత్తాంలాంటి గుండ్రటి బ్యాటరీలతో వెలిగే బుల్లి దీపాలను కూడా తేవద్దు. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది. ఎవరైనా మింగారని అనుమానం వచ్చినా నొప్పికోసం ఎదురుచూడకుండా 999కి ఫోను చెయ్యాలి.

పెద్దయిన పిల్లలు

ఇరవై ఏళ్ల అబ్బాయికి మంచుమనిషి బొమ్మ ఇచ్చి రంగులు వెయ్యమనడం మాకు నచ్చదు. అతనికి చదువు నెమ్మదిగా వచ్చి ఉండవచ్చు, వయసు మాత్రం అందరితోపాటే వచ్చింది. అతనికి బహుమతులు చుట్టే పని, గవ్వలు తూకం వేసి సంచుల్లో నింపే పని, వచ్చినవాళ్లకు కుర్చీ చూపించే పని ఇవ్వండి. "బాబూ" అనకుండా పేరుతో పిలవండి, చిన్నపిల్లలచేత "అన్నయ్యా" అనిపించండి. అరకిలో సంచులు నలభై నింపడం నక్షత్రం చెయ్యడంకన్నా కష్టమైన పనే.

ఈసారి పని గంటంబావు పెట్టుకున్నాం. గదిలో ఒక మూల దీపం తగ్గించి, చాప పరిచి ఉంటుంది, గోల ఎక్కువైన పిల్లలు అడగకుండానే అక్కడికి వెళ్లవచ్చు. ఆరోజు ఏ పని తర్వాత ఏ పనో బొమ్మలతో గీసిన కాగితం వారం ముందే ఇంటికి పంపుతాం, పిల్లలకు రోజూ ఒకసారి చూపించండి. తల్లిదండ్రులు తేవలసినవి వాడిన పెట్టె అట్టలు, మిగిలిన ఊలు, ఆరు గుడ్ల పెట్టెలు, ఒక పాత తువ్వాలు. ఏమేం తినకూడదో ఒక చీటీమీద రాసి, పిల్లల పేరుతో సహా, వంట చూసే అక్కకు ముందురోజే ఇవ్వండి.